రోషము - పౌరుషము

మన భాషలో కోపమునకు పేళ్లు పెక్కు గలవు. దంపతుల నడుమ వచ్చునది అలుక. స్నేహితుల నడుమ వచ్చునది కినుక. పెద్దలకు పిల్లలపై వచ్చునది కోపము. మునులకు వచ్చునది ఆగ్రహము. పగవానిపై పుట్టునది క్రోధము. ఈ తెగలో రోషమున కొక ప్రత్యేకస్థానము గలదు. తక్కిన కోపములను దోషములలో లెక్కించుచు మనము దీనిని మాత్రము గుణములలో జేర్చితిమి. "వానికి రోషము లేదు" అనుట తిట్టు. "ఉప్పుకారములు తినుట లేదా?" యని యడుగుట యంతకంటె పెద్ద తిట్టు. రోషపౌరుషములని జంటగా పలికి పలికి, మొదటిది యున్నచోట రెండవది యుండి తీఱునని నమ్ముచున్నాము.

ఈ నమ్మకమువలన మన యిండ్లలో జరుగుచున్న చెఱుపు కొంచెము కాదు. అన్నదమ్ముల నడుమ గోడలు లేచుటయు, తోడికోడండ్రకు మాటలు పోవుటయు, పెండ్లిపందిళ్లలో విందు చల్లారిపోవుటయు, ఆస్తి విలువను మించిన వ్యయముతో వ్యాజ్యములు సాగుటయు మనము చూచుచునే యున్నాము. వీనిలో ననేకములకు మూలము ఎక్కడనో ఎవరికో తగిలిన యొక చిన్న అవమానము. కావున ఈ రోషపౌరుషముల జంటను విడదీసి చూడవలయునని మా యుద్దేశము.

కోపములు రెండు విధములు. అన్యాయమును చూచి పుట్టునది యొకటి; తన్ను గూర్చి తాను మనసులో నిలుపుకొనిన ప్రతిమకు బీట వారినప్పుడు పుట్టునది మఱొకటి. మొదటిదానికి కొలత యుండును. ప్రక్కపొలమువాడు గట్టు జరిపినాడని కోపము వచ్చె ననుకొందము. గట్టు మరల స్వస్థానమునకు వచ్చినచో ఆ కోపమునకు పని లేదు. రెండవదానికి కొలత లేదు. గట్టు వెనుకకు వచ్చినను, "నా గట్టును జరుపుటకు వానికెన్ని గుండెలు!" అను మంట నిలిచియే యుండును. ఎదుటివాడు నష్టమును పూడ్చగలడు గాని, ఆ క్షణమున ఇతడు చిన్నవాడైన మాటను జరుగనిదానినిగా జేయజాలడు. రెండవ కోపము కోరునది సరిగా నదియే. ఎవ్వరును తీర్పలేని కోరిక గనుక దాని కెంత యిచ్చినను చాలదు.

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు ఈ రెండవ కోపమును ప్రత్యేకముగా పరిశీలించిరి. కొలనిలో తన నీడను తాను చూచి మోహించి, దానిని విడువలేక కృశించిన నార్సిససు అను యువకుని కథ గ్రీకుల పురాణములలో నున్నది. తనపై తనకు గల మితిమీఱిన మమతకు వారు ఆ యువకుని పేరే పెట్టిరి. 1914లో ఫ్రాయిడు దీనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. వియన్నాలో జన్మించి, అమెరికాలోని చికాగో నగరమున మనోవైద్యము చేసిన హైంజ్ కోహట్ 1972లో, ఆ మమతకు గాయము తగిలినప్పుడు పుట్టు క్రోధమును వేఱుగా వర్ణించెను. పగ తీర్చుకొనవలయునను ఆరాటము, ఏ యుపాయముచేతనైనను గాయమును తుడిచివేయవలయునను పట్టుదల, అది తీఱువఱకు మనసునకు విశ్రాంతి లేకపోవుట దాని లక్షణములు. ఇది దృఢమైన ఆత్మగౌరవమునుండి పుట్టునది కాదు. పైకి గంభీరముగా నుండి లోపల పెళుసైన గౌరవమునుండి పుట్టునది. రాతిబండపై గులకఱాయి పడిన చప్పుడు మాత్రమే యగును. అద్దముపై పడిన అద్దము నిలువదు.

మన యితిహాసకారునికి ఈ సంగతి తెలియనిది కాదు. భారతమున సభాపర్వమును చూడుడు. రాజసూయము ముగిసినది. ఇంద్రప్రస్థమున మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు స్ఫటికపునేలను నీరని భ్రమించి బట్ట లెత్తుకొనెను. నీటిని నేల యని భ్రమించి యందు పడెను. భీముడు నవ్వెను, పరిచారకులు నవ్విరి, అర్జునుడును కవలలును నవ్విరి. ధర్మరాజు పొడిబట్టలు తెప్పించి యిప్పించెను. జరిగిన దంతయు నింతే. హస్తినకు మరలివచ్చిన కుమారుడు పాలిపోయి చిక్కిపోవుట చూచి ధృతరాష్ట్రుడు, మేలైన బట్టలు, మంచి భోజనము, ఉత్తమాశ్వములు కలిగియు నీకేల యీ చింత యని యడిగెను. తండ్రి లెక్కలో తప్పు లేదు. కాని యతడు లెక్కించినవి ఆస్తులు. కుమారునికి పోయినది ఆస్తి కాదు.

సంస్కృతమూలమును శ్రద్ధతో చదివినవారి కిచట నొక వింత కానవచ్చును. సంఘటనను చెప్పునప్పుడు కవి పేర్కొనిన నవ్వినవారిలో ద్రౌపది లేదు, కృష్ణుడును లేడు. కవి చెప్పిన క్రమమును బట్టి కృష్ణు డప్పటికే ద్వారకకు వెడలిపోయెను. కాని దుర్యోధనుడు తండ్రితో చెప్పుకొనునప్పుడు, అర్జునునితో గూడ కృష్ణుడు బిగ్గరగా నవ్వెననియు, స్త్రీలతో గూడి ద్రౌపది నవ్వెననియు చెప్పినాడు. అతడు తెలిసి యబద్ధమాడెనని మేము చెప్పము. గాయపడిన అహంకారమునకు జ్ఞాపకశక్తియే యట్టిది. ఒక్కొక్కసారి తలచుకొనినప్పు డొక్కొక్క నవ్వు ముఖ మందు చేరుచుండును. ఇంకొక సంగతి కూడ గలదు. తరువాతి కథలలోను, నాటకములలోను, చలనచిత్రములలోను ఆ నవ్వు ద్రౌపది యొక్కతెదే యైపోయినది. ఆడుది నవ్వినందున వంశము నాశనమైనదని నేటికిని చెప్పుకొనువా రున్నారు. కోపించినవాడు కల్పించుకొనిన కథనే లోకమును స్వీకరించి, నేరమును స్త్రీపై మోపినది. మన వీధులలోని తగవులలోను ఇట్లే జరుగుచున్నది. ఎవడు ఎక్కువగా కేకలు వేసిన వాని కథయే బంధువులలో నిలుచును.

ద్రోణద్రుపదుల కథ ఈ కోపము ఒకరినుండి యొకరికి పాఱు రీతిని చూపును. బాల్యమిత్రుడని వచ్చిన ద్రోణుని ద్రుపదుడు, సమానులకే గాని రాజునకు దరిద్రునితో స్నేహ మేమని త్రోసిపుచ్చెను. ద్రోణుడు శిష్యులచేత నాతని పట్టి తెప్పించి, రాజ్యములో సగము తానుంచుకొని, ఇప్పుడు మన మిరువురము సమానులము గనుక స్నేహితులము కావచ్చునని విడిచిపెట్టెను. ద్రోణుని లెక్క యక్కడితో సరిపోయినది. ద్రుపదుని లెక్క యక్కడనే మొదలైనది. ద్రోణుని చంపగల కుమారుని గోరి యతడు యజ్ఞము చేసెను, ధృష్టద్యుమ్నుడు పుట్టెను. అతడు ద్రోణుని చంపగా, ద్రోణుని కుమారుడు రాత్రివేళ శిబిరమున జొచ్చి యాతనినే గాక నిద్రించుచున్న ఉపపాండవులను గూడ చంపెను. ఎన్నడో సభలో పలికిన యొక్క మాటకు, అప్పటికి పుట్టనైన పుట్టని పిల్లలు మూల్యము చెల్లించిరి.

అయినచో నిజముగా అన్యాయము పొందినవాడు కోపింపరాదా యని చదువరు లడుగవచ్చును. కోపింపవలసినదే. కాని న్యాయమైన కోపము కూడ దారి తప్పి రెండవ తెగలో గలియుట కలదు. కోహట్ తన వ్యాసమున నుదాహరించిన మైకేల్ కోల్హాసు కథ యట్టిది. దానిని క్లైస్టు అను జర్మను రచయిత 1810లో ప్రకటించెను. 1540లో బెర్లిను నగరమున మరణదండన పొందిన యొక నిజమైన వర్తకుని చరిత్ర దాని కాధారము. కోల్హాసు గుఱ్ఱముల వర్తకుడు. ఒక దొర, అనుమతిపత్రము లేదను నెపమున, అతని రెండు నల్లగుఱ్ఱములను కుదువగా నిలుపుకొని, పొలములో చాకిరి చేయించి యెముకలగూడుగా మార్చెను. కోల్హాసు న్యాయస్థానమున కెక్కగా, దొరబంధువుల పలుకుబడిచే వ్యాజ్యము కొట్టివేయబడెను. ఇంతవఱకు నతని పక్షమున నిలువనివా రుండరు. అటుపిమ్మట నతని భార్య, ప్రభువునకు విజ్ఞాపనపత్ర మందీయబోయి కావలివాని దెబ్బచే మరణించెను. కోల్హాసు దొరకోటను తగులబెట్టెను. దొరను దాచినదని విట్టెన్‌బర్గు పట్టణమునకు నిప్పు పెట్టెను. తుదకు న్యాయము జరిగినది. మేపి బలిపించిన గుఱ్ఱములు రెండును అతనికి మరల నీయబడినవి. శాంతిభంగము చేసినందులకు ఆ దినముననే యతని తల నఱకబడినది. గుఱ్ఱములు దక్కినవి, ఎక్కువాడు లేడు.

రాజులును దొరలును ఉన్న కథలు మనకేల యనువారి కొఱకు, మేము దగ్గఱనుండి చూచిన యొక తగవును చెప్పెదము. ఇరువురు సోదరులు ఒకే పెరటిలో రెండిండ్లు కట్టుకొని యుండిరి. ఇరువురును మాకు స్నేహితులు. తమ్ముని కుమార్తె పెండ్లి కుదిరినది. అచ్చుకూటమువారి పొరపాటున శుభలేఖలో అన్నగారి పేరు పడలేదు. తమ్ముడు చూచుకొని, మఱునాడే క్రొత్త శుభలేఖలు వేయించి, అంచులకు పసుపు పూసి, భార్యతో గూడ బొట్టుపెట్టె పట్టుకొని అన్నగారింటికి వెళ్లెను. అన్నగారు పత్రికను ముట్టలేదు. "అడిగిన తరువాత వచ్చిన పేరు నా పేరు కాదురా" అనెను. తమ్ముడు కాళ్లకు మ్రొక్కెను. "మొదటి శుభలేఖ చూచినవారందఱి యెదుట మ్రొక్కు" మని యన్నగారు కోరెను. అంతవఱకు నోర్చుకొనిన తమ్ముడు, "ఇది పిల్ల పెండ్లియా అన్నయ్యా, నీ పట్టాభిషేకమా?" అని లేచిపోయెను. ఆ మాటతో గాయపడినవారు ఇరువురైరి.

పెండ్లి జరిగినది. పెండ్లికూతురిని పసితనమునుండి ఎత్తి పెంచినది పెదతల్లి. సొంతబిడ్డలు లేని యామెకు ఆ పిల్లయే బిడ్డ. ఆమె తలుపు మూసికొని, పెరటివైపు కిటికీనుండి మేళము విన్నది. తరువాత రెండిండ్ల నడుమ నున్న మూడడుగుల సందు ఎవరిదన్న ప్రశ్న పుట్టినది. అంతకుముం దా సందును గూర్చి యెవరును తలచుకొని యెఱుగరు. పదునొకం డేండ్లు వ్యాజ్యము సాగెను. అన్నగారు గెలిచి, సందునకు గోడ పెట్టించెను. ఆ గోడవలన చీకటి పడినది వారి వంటయిల్లే. ఆ యిల్లాలు పట్టపగలు దీపము వేసికొని వంట చేయుచున్నది. "కోరినది దక్కినదిగదా" యని మేము అన్నగారితో నంటిమి. ఆయన కొంతసే పూరకుండి, "దక్కినది. వాడు మాత్రము ఇంకను నా యెదుటికి రాలేదు" అనెను.

ఆ మాటలో కోపము గుట్టంతయు నున్నది. ఆయన కోరినది సందు కాదు. న్యాయస్థానము మఱియొకటి యీయజాలదు.

ఇట్టి కోపము ఎవరియందు పుట్టుచున్నదో కొలచి చూచిన పండితు లున్నారు. అమెరికాలో బుష్‌మను, బౌమైస్టరు అనువారు 1998లో నొక పరీక్షను ప్రకటించిరి. అందు విద్యార్థులచేత వ్యాసములు వ్రాయించి, కొందఱి వ్యాసములను మెచ్చుకొని, కొందఱి వ్యాసములు మిక్కిలి చెడ్డవని తెలియజేసిరి. పిమ్మట నొక పోటీయాట నెపమున ఎదుటివాని చెవిలో కఠోరధ్వని వినిపించు నవకాశము కల్పించిరి. తన్ను గూర్చి గొప్పలు భావించుకొనువారే, అవమానింపబడినప్పుడు అందఱికంటె గట్టిగా ఆ ధ్వనిని వినిపించిరి. అదియు అవమానించినవానిపైననే; సంబంధము లేని మూడవవానిపై అంత కసి చూపలేదు. తన్ను తాను గౌరవించుకొనుట మాత్రము అట్టి క్రౌర్యమునకు కారణముగా కానరాలేదు. కావున ఆత్మగౌరవమునకును అహంకారమునకును గల భేదము ధర్మశాస్త్రముల భేదము మాత్రమే కాదు.

2002లో బుష్‌మను మఱొక సంగతి తేల్చెను. కోపము వచ్చినప్పుడు దానిని వెళ్లగ్రక్కిన తగ్గునని మనమును చెప్పుకొందుము. కాని కోపము తెప్పించినవానిని తలచుకొనుచు సంచిని గ్రుద్దినవారికి కోపము తగ్గకపోగా హెచ్చినది; ఏమియు చేయక ఊరక కూర్చున్నవారే వారికంటె శాంతించిరి. ఇంటికి వచ్చినవారి కెల్ల తన అవమానకథను చెప్పుకొని మనసు తేలిక పఱచుకొందునను గృహస్థుడు, నిజమునకు ప్రతిదినమును ఆ సంచిని గ్రుద్దుచున్నాడు. నే డా సంచి జేబులోనే యున్నది. పూర్వ మొక మాటకు పదిమంది సాక్షులు. ఇప్పుడు వాట్సాపు గుంపులో నొక్క నిమిషమున నూఱుమంది. మాట గాలిలో గలిసిపోవును గాని, వ్రాసినది అర్ధరాత్రి లేచి మరల చదువుకొనుటకు నిలిచి యుండును.

ఈ విషయమున మన గృహాచారములను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. పురుషుని రోషమును మనము పెంచి పోషించుచున్నాము. పెండ్లిలో అలకపాన్పు అని యొక వేడుక యున్నది. అల్లుడు అలిగి కూర్చుండును. అత్తమామలు కానుకలిచ్చి లేపుదురు. వేడుకగా నున్నంతవఱకు దోషము లేదు. కాని దాని వెనుక దాగిన బోధ యేమి? అలిగినవానికి లభించును, అలుగుట అల్లుని హక్కు, తీర్చుట ఆడపిల్లవారి విధి. ఆ పాఠము పెండ్లిపందిటితో ముగియదు. కాఫీ చల్లారినదని, అతిథుల యెదుట భార్య తన మాటను సవరించినదని, తనకంటె ఆమె జీతము హెచ్చినదని యింటిని నరకము చేయువాడు ఆ పాఠమునే వల్లించుచున్నాడు. సత్యభామకు పారిజాతపుష్పముపై వచ్చిన అలుకను మనము ప్రబంధము చేసికొని నవ్వుకొందుము. పురుషుని రోషమును మాత్రము చట్టమువలె శిరసావహింతుము. అట్టి యింట ఇల్లాలు అడుగుల చప్పుడునుబట్టి ఆ దినపు వాతావరణమును కనిపెట్టుట నేర్చును. పిల్లలు ఆమెను చూచి నేర్తురు. వారిలో నొకడు రేపు అట్టి తండ్రి యగును, ఒకతె అట్టి యిల్లా లగును.

కావున "ఓర్చుకొనుము తల్లీ" అను పాత యుపదేశమును మేము చేయము. బుజ్జగించుటవలన ఈ కోపము తీఱదని పైన చూచితిమి. చేయి లేచినచోట అది స్వభావదోషము కాదు, నేరము. గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005లో చట్టము వచ్చినది. ఆ చట్టము తమ యిరుగుపొరుగున నెవరికి కావలసి యున్నదో విద్యావంతులైన గృహిణులు కనిపెట్టి యుండుట మంచిది.

అంతవఱకు రాని తగవులలో మనము చేయదగినవి కొన్ని గలవు. పొరపాటు మనదైనచో క్షమాపణము ఒక్కమాఱు, పూర్ణముగా, ఏకాంతమున చెప్పవలెను. పదిమాఱులు చెప్పినను, పదిమంది యెదుట చెప్పినను, అవతలివాని గాయమునకు రంగస్థలము కట్టినట్లగును. తగవును వస్తువునకు కట్టివేయవలెను. సందు గూర్చి మాటలాడునప్పుడు పట్టాభిషేకము మాట రానీయరాదు. రాత్రి వచ్చిన కోపమునకు రాత్రియే జవాబు వ్రాయరాదు. మధ్యవర్తులుగా పోవువారు ఎవరెవరు నవ్విరో మొదట కనుగొనవలెను. నవ్వనివారి పేళ్లను కథనుండి తొలగించుటయే సగము సంధి. ఇంకొక హెచ్చరిక: 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన గ్రంథమున ఈ స్వభావము ముదిరిన స్థితిని ఒక రుగ్మతగా జేర్చిన నాటినుండి, ఆ పేరు క్రమముగా సామాన్యుల నోటికి వచ్చినది. తగవులో నెదుటివానిని రోగి యని పిలుచుట వైద్యము కాదు, మఱొక అవమానము. రోగమును నిర్ణయించుట వైద్యునికి విడిచిపెట్టుదము.

ఇక మన కోపమును మనము పరీక్షించుకొనుట కొక్క ప్రశ్న చాలును. "ఏది యిచ్చినచో నా కోపము తీఱును?" అని తన్ను తానే యడుగుకొనవలెను. ఇంత సొమ్మనియో, ఈ పత్రమనియో, ఇకముందిట్లు చేయకుండుటయనియో జవాబు వచ్చినచో, ఆ కోపము న్యాయమైనది. దానిని వెఱవక అడుగవలెను, వచ్చువఱకు విడువరాదు. దేశమున జరిగిన సంఘసంస్కారమంతయు అట్టి కోపమువలననే జరిగినది. ఎంత వెదకినను జవాబు రానిచో, లేక జవాబు దొరకినట్లే దొరకి వెనువెంటనే మాఱిపోవుచున్నచో, ఆ కోపము అద్దపుముక్కల కోపము. దానిని తీర్చుట లోకములో నెవరి వశమునను లేదు. తానే యొంటరిగా కూర్చుండి, "అవును, ఆ క్షణమున నేను చిన్నవాడ నైతిని" అని యొప్పుకొనవలెను. ఒప్పుకొనినవా డెవడును దానివలన చావలేదు.

పిల్లలకు ఈ విద్యను ఇంటనే నేర్పవచ్చును. బిడ్డను దేవుని చేయక, పురుగును చేయక పెంచిన చాలును. భోజనమువేళ తండ్రి తన పొరపాటును తానే చెప్పి, పిల్లలు నవ్వగా తానును నవ్వినచో, చిన్నవాడగుటవలన ఇల్లు కూలదని వారికి తెలియును. నీట పడిన సుయోధనుడు లేచి, బట్టలు పిండుకొనుచు, "భీమా, ఈ మాఱు నీవు పడుము, నేను నవ్వెద" నని యుండినచో ఆ సాయంకాలము అక్కడితో ముగిసి యుండెడిది. అట్లనుటకు గదాయుద్ధమునకు గావలసినంత బలమే కావలెను. ఆ బలమునే మేము పౌరుషమనుచున్నాము. అది రోషమునకు తోబుట్టువు కాదు.